సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ సెడాన్: గేర్‌బాక్స్ మీద ఓనర్ల ఫిర్యాదుల్లో ఏముంటుంది, ఏముండదు

2015 ఫోక్స్‌వాగన్ వెంటో, పెట్రోల్, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్, సింగిల్ ఓనర్, రీడింగ్ అరవై వేలు. ఇలాంటి బండి అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర అదే ఏడాది హోండా సిటీ ఆటోమేటిక్ కంటే తక్కువే పలుకుతుంది. ఎందుకని నలుగురిని అడిగితే ఇద్దరు "ఆ గేర్‌బాక్స్ జోలికి పోకండి, పోయిందంటే లక్షల్లో ఖర్చు" అంటారు. ఒకాయన "నాది లక్షా పదివేలు తిరిగింది, గేర్‌బాక్స్ ఒక్కసారి కూడా దించలేదు" అంటాడు. నాలుగో ఆయనకు డీఎస్‌జీ బండి ఎప్పుడూ లేదు, అయినా అందరికంటే ఎక్కువ సేపు ఆయనే మాట్లాడతాడు.

మొదటి ముగ్గురూ నిజమే చెబుతున్నారు. వాళ్లు చెప్పకుండా వదిలేసిన వివరాల దగ్గరే చిక్కంతా ఉంది. ఏ గేర్‌బాక్స్, ఏ ఏడాదిది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, హైవే మీదా ట్రాఫిక్‌లోనా? ఇవి తెలియకపోతే "జర్క్ ఇస్తోంది" అన్న ఫిర్యాదుతో ఏమీ చేయలేం. అదే జర్క్ ఒక బండిలో పుట్టుకతో వచ్చిన స్వభావం, ఇంకో బండిలో అరిగిన క్లచ్ ప్లేటు, మూడో బండిలో గేర్‌బాక్స్‌తో సంబంధమే లేని మౌంటింగ్ రబ్బరు.

ఆటోమేటిక్‌లలో నాలుగు రకాలు

మన రోడ్ల మీది సెడాన్లలో క్లచ్ పెడల్ లేని గేర్‌బాక్సులు స్థూలంగా నాలుగు రకాలు.

ఏఎంటీలో లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని యాక్చువేటర్ అనే ఒక యంత్రభాగం చేస్తుంది. 2017లో వచ్చిన మారుతీ డిజైర్‌లో ఉన్నది ఇదే. గేరు మారేటప్పుడు క్షణం పాటు పికప్ ఆగి, తల ముందుకు ఊగినట్టవుతుంది. కొత్త బండి కూడా అలాగే ఊగుతుంది.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ తిరుగుతూ శక్తిని అందిస్తుంది. హ్యుందాయ్ వెర్నాలో ఆరు గేర్లది, మారుతీ సియాజ్ పెట్రోల్‌లో నాలుగు గేర్లది ఈ రకమే. మైలేజీ కొంచెం తగ్గినా ట్రాఫిక్‌ను బాగా ఓర్చుకుంటుంది.

సీవీటీలో గేర్లే ఉండవు. రెండు పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్టు. పుల్లీలు దగ్గరకు జరుగుతూ, విడిపోతూ నిష్పత్తిని మారుస్తుంటాయి. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. "గేర్‌బాక్స్ జారుతోంది" అని దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజంగా జారుడే, కొన్ని మాత్రం సీవీటీ అంటేనే అంత.

నాలుగోది డ్యుయల్ క్లచ్. ఫోక్స్‌వాగన్, స్కోడాలు దీన్ని డీఎస్‌జీ అంటాయి, ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అంటుంది. ఓనర్ల ఫిర్యాదుల్లో ఎక్కువ గందరగోళం దీని చుట్టూనే ఉంటుంది కాబట్టి దీన్ని విడిగా విప్పి చూడాలి.

అంతకంటే ముందు ఒక ఇబ్బంది. బండి పేరు చూసి గేర్‌బాక్స్ ఏదో చెప్పలేం. 2010లో వచ్చిన వెంటో 1.6 పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. 2013లో వచ్చిన వెంటో 1.2 టీఎస్‌ఐలో (టర్బో పెట్రోల్) ఏడు గేర్ల డీఎస్‌జీ. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనల కోసం ఇంజన్ 1.0 టీఎస్‌ఐకి మారినప్పుడు మళ్లీ టార్క్ కన్వర్టరే. హోండా సిటీ కథా ఇలాంటిదే: 2008కి ముందు సీవీటీ, ఆ తర్వాతి తరంలో ఐదు గేర్ల టార్క్ కన్వర్టర్, 2014 నుంచి మళ్లీ సీవీటీ. పాత సీవీటీ సిటీలో బండిని కదిలించడానికి విడిగా ఒక స్టార్ట్ క్లచ్ ఉండేది, కదిలేటప్పుడు వణుకు అనే ఫిర్యాదు దాని చుట్టూనే పుట్టింది. 2014 సిటీలో ఆ స్టార్ట్ క్లచ్ లేదు, దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంది. పాత ఫిర్యాదు పట్టుకుని కొత్త బండిని వద్దనుకున్నవాళ్లు, మెచ్చుకోలు విని వేరే తరం బండి కొన్నవాళ్లు, ఇద్దరూ మనకు తగులుతూనే ఉంటారు.

పొడి క్లచ్ రెండు

వెంటో, స్కోడా ర్యాపిడ్‌లలోని ఏడు గేర్ల డీఎస్‌జీకి ఫ్యాక్టరీ పేరు డీక్యూ200. 2008లో వచ్చింది. గరిష్ఠంగా 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) తట్టుకునేలా తయారైంది. వెంటో 1.2 టీఎస్‌ఐ ఇంజన్ ఇచ్చేది 175. వెంటో, ర్యాపిడ్‌ల 1.5 టీడీఐ డీజిల్ ఇచ్చేది సరిగ్గా 250. అందుకే అంతకంటే బలమైన ఫోక్స్‌వాగన్ జెట్టా డీజిల్‌కు ఇది పెట్టలేదు, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే ఆరు గేర్ల డీఎస్‌జీ పెట్టారు. రెండింటి పేరూ డీఎస్‌జీయే, జబ్బులు మాత్రం వేరు.

డీక్యూ200లో రెండు క్లచ్‌లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది. రెండోది 2, 4, 6 గేర్లను, రివర్స్‌ను. మేస్త్రి ఒక ఇటుక పెడుతుండగానే కూలీ రెండో ఇటుక చేతిలో పట్టుకుని నిలబడ్డట్టు, బండి రెండో గేరులో పోతుండగానే మూడో గేరు పడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది. గేరు మారినట్టే తెలియదు. ఈ పనంతా మెకాట్రానిక్ అనే యూనిట్ నడిపిస్తుంది. ఒక కంప్యూటరు, ఒక చిన్న ఆయిల్ పంపు, ఒత్తిడిని నిల్వ చేసే అక్యుములేటరు, వాల్వులు అన్నీ ఒకే అల్యూమినియం పెట్టెలో ఉంటాయి. డ్రైవర్ డోర్ తీయగానే బానెట్ కింద నుంచి 'జుయ్' మని ఒక శబ్దం వస్తుంది. అది ఆ పంపు ఒత్తిడి నింపుకుంటున్న చప్పుడు. తెలియనివాళ్లు కంగారు పడతారు, అది మామూలే.

ఈ రెండు క్లచ్‌లూ పొడివి. ఆయిల్ లేదు కాబట్టి నష్టాలు తక్కువ, మైలేజీ ఎక్కువ. ఆయిల్ లేదు కాబట్టే రాపిడిలో పుట్టిన వేడిని తీసుకుపోయేదీ లేదు. ఇది ట్రాఫిక్‌లో ఎందుకు సమస్య అవుతుందో ఒక లెక్కతో చూద్దాం.

ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. మొదటి గేరు, దాని తర్వాత చక్రాల ముందుండే చివరి గేరు జత (ఫైనల్ డ్రైవ్) కలిపి ఇంజన్ 16 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. అంటే చక్రం నిమిషానికి 50 చుట్లు. వెంటో టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. 50ని 1.9తో గుణిస్తే నిమిషానికి 95 మీటర్లు, అంటే గంటకు దాదాపు 6 కిలోమీటర్లు. క్లచ్ పూర్తిగా పట్టుకున్న బండి ఇంతకంటే నెమ్మదిగా పోలేదు. అమీర్‌పేట దగ్గర సాయంత్రం ఏడింటికి మనం పోయేది గంటకు మూడో నాలుగో కిలోమీటర్ల వేగంతో. అంటే ఆ సేపంతా క్లచ్ జారుతూనే ఉంటుంది. మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద నడిపితే డ్రైవింగ్ నేర్పే ఆయన కోప్పడతాడే, ఆ పనే ఇక్కడ గేర్‌బాక్స్ తనంతట తాను చేస్తుంది. టార్క్ కన్వర్టర్ బండిలో ఇదే జారుడు ఆయిల్‌లో జరుగుతుంది, అరిగేదేమీ ఉండదు.

ఒకే మోడల్, ఒకే రీడింగ్ ఉన్న రెండు బళ్లలో ఒకటి ఎందుకు చెడిపోతుందో, ఇంకోటి ఎందుకు నిలుస్తుందో దీన్నిబట్టి చాలావరకు అర్థమవుతుంది. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లిన అరవై వేలూ, వారానికోసారి విజయవాడ హైవే ఎక్కిన అరవై వేలూ క్లచ్‌కు ఒకటి కావు. మీటరులో మాత్రం రెండూ అరవై వేలే.

డీక్యూ200 ఫిర్యాదుల్లో కలిసిపోయే వేర్వేరు జబ్బులు

ఓనర్లు "డీఎస్‌జీ పోయింది" అంటారు. ఆ మాట కింద కనీసం మూడు నాలుగు వేర్వేరు విషయాలుంటాయి.

మొదటిది వణుకు. బండి వేడెక్కాక, మొదటి గేరు నుంచి రెండుకు మారేటప్పుడో, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడో బండి మొత్తం జలదరిస్తుంది. ఇది సాధారణంగా క్లచ్ ప్యాక్ అరుగుదల. చల్లని బండిలో కనిపించకపోవచ్చు. పొద్దున్నే ఏడింటికి, రాత్రంతా షెడ్డులో ఉన్న బండిని టెస్ట్ డ్రైవ్‌కు ఇస్తే పది నిమిషాల్లో అది బయటపడదు. అమ్మేవాళ్లందరూ కావాలని అలా చేస్తారని కాదు, కానీ పొద్దున్నే రమ్మనడం అందరికీ అనుకూలమే.

రెండోది మెకాట్రానిక్. అక్యుములేటర్‌లో ఉండే ఆయిల్ ఒత్తిడి, మన టైర్లలోని గాలి ఒత్తిడికి ఇరవై రెట్లు దాటి ఉంటుంది. కొన్ని యూనిట్లలో ఆ అక్యుములేటరు బిగించిన చోట అల్యూమినియం బాడీ పగులుతుంది, ఆయిల్ కారిపోతుంది, ఒత్తిడి నిలవదు. ముందు పంపు మాటిమాటికీ నడుస్తుంది. తర్వాత మీటరులో గేరు గుర్తు వెలిగి ఆరుతుంది, చివరకు బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. బండి కంప్యూటరులో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెడితే పీ17బీఎఫ్, పీ189సీ లాంటి కోడ్లు కనిపిస్తాయి. వీటిలో మొదటిదానికి అర్థం పంపు మితిమీరి నడుస్తోందని, రెండోదానికి తగినంత ఒత్తిడి రావడం లేదని. ఇది క్లచ్ అరుగుదలలా నెమ్మదిగా రాదు. నిన్నటిదాకా వెన్నలా నడిచిన బండి ఇవాళ పార్కింగ్‌లోంచి కదలదు. అందుకే లక్ష కిలోమీటర్లు నిశ్చింతగా తిరిగిన ఓనరు మాటా నిజమే, రాత్రికి రాత్రి పోయిందన్న ఓనరు మాటా నిజమే.

మూడోది కొన్ని గేర్లే పడకపోవడం. రివర్స్ పోయింది, సరి సంఖ్య గేర్లు రావడం లేదు అంటే రెండో క్లచ్ వైపు ఏదో అయిందని అర్థం. ఆ క్లచ్చే కావచ్చు, గేరును జరిపే ఫోర్క్ కావచ్చు, మెకాట్రానిక్‌లో ఆ వైపు వాల్వు కావచ్చు. ఓనరుకు తెలిసేది "రివర్స్ పడట్లేదు" అనే ఒక్క లక్షణమే. దానికి మూడు కారణాలున్నాయి, మూడింటి ఖర్చూ వేరు.

నాలుగోది చరిత్రలో ఉన్న జబ్బు. 2013 మార్చి 15న చైనా ప్రభుత్వ టీవీ వినియోగదారుల దినోత్సవ కార్యక్రమంలో డీఎస్‌జీ బళ్ల ఫిర్యాదులు చూపించింది. కొద్ది రోజుల్లోనే ఫోక్స్‌వాగన్ అక్కడ 3,84,181 బళ్లను రీకాల్ చేసింది. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలని ప్రకటించింది. సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయడమే ఆ రీకాల్. వేడి, తేమ ఎక్కువగా ఉండి, ఆగి ఆగి నడిపే చోట ఆ సింథటిక్ ఆయిల్ వల్ల గేర్‌బాక్స్‌కు విద్యుత్ సరఫరా తెగిపోవచ్చని కంపెనీ చెప్పిన కారణం. వేడి, తేమ, ఆగి ఆగి నడపడం... విశాఖలో మే నెలను వర్ణించినట్టే ఉంది. ఇది 2013కి ముందు తయారైన బళ్లకు సంబంధించిన సంగతి. 2018 వెంటోను చూపించి ఆ రీకాల్ గురించి భయపెట్టడంలో అర్థం లేదు. ఆ బండికి మొదటి మూడు జబ్బుల అవకాశం మాత్రం ఉంది.

"బండి స్వభావమే అంత" అనే వాదన ఎంతవరకు నిజం

సర్వీస్ సెంటర్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఈ మోడల్ అన్నీ ఇలాగే ఉంటాయి సార్." ఇందులో కొంత నిజముంది. పొడి క్లచ్ బండి ట్రాఫిక్‌లో టార్క్ కన్వర్టర్ అంత మెత్తగా ఉండదు. డ్రైవర్ ప్రతి అడుగుకూ బ్రేకు వదిలి మళ్లీ నొక్కితే గేర్‌బాక్స్ కంప్యూటరు క్లచ్ పట్టాలా వదలాలా అని తేల్చుకోలేక తడబడుతుంది. బ్యాటరీ విప్పినా, రిపేరు చేసినా క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మళ్లీ నేర్పే అడాప్టేషన్ అవసరం కావచ్చు. అది చేశాక మాయమైన జర్క్‌లున్నాయి. డ్రైవింగ్ పద్ధతి ప్రభావం కల్పితం కాదు.

కానీ ఆ వాదన ఎక్కడ చెల్లదో ఆస్ట్రేలియాలో ఒక కోర్టు చెప్పింది. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ కూడా పొడి క్లచ్‌ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సే. అందులో ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచి ఆయిల్ కారి పొడి క్లచ్ మీద పడేది, బండి వణికేది. ఫోకస్, ఫియస్టా, ఎకోస్పోర్ట్ ఓనర్లు ఫిర్యాదు చేస్తే, మీరు నడిపే తీరు వల్లే వణుకుతోందని చాలామందికి సమాధానం వచ్చింది. అది నాణ్యత లోపమని కంపెనీకి తెలిసి కూడా అలా చెప్పడం అన్యాయ ప్రవర్తనేనని తేలింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో అదే గేర్‌బాక్స్ క్లచ్‌కు 7 ఏళ్లు లేదా లక్ష మైళ్లు, కంట్రోల్ మాడ్యూల్‌కు 10 ఏళ్లు లేదా లక్షన్నర మైళ్ల దాకా ఫోర్డ్ వారంటీ పొడిగించింది. మన దేశంలో పవర్‌షిఫ్ట్ ఫియస్టా సెడాన్‌లోనూ, ఆస్పైర్ 1.5 పెట్రోల్‌లోనూ వచ్చింది.

నా అంచనాలో, స్వభావం ఏదో లోపం ఏదో విడదీయడానికి పనికొచ్చే ప్రశ్న ఒకటే: కాలంతో పాటు మారుతోందా? ఏఎంటీ తల ఊపు మొదటి రోజు ఎంతో, ఐదో ఏట కూడా ఇంచుమించు అంతే. ఆర్నెల్ల కిందట లేని వణుకు ఇప్పుడు ఉందంటే దాన్ని స్వభావం ఖాతాలో వేయలేం. సెకండ్ హ్యాండ్ కొనేవాడికి ఉన్న దురదృష్టం ఏమిటంటే, ఆర్నెల్ల కిందట ఆ బండి ఎలా ఉండేదో అతనికి తెలియదు.

అమెరికాలో నిస్సాన్ సీవీటీ: వారంటీ పొడిగింపు చెప్పే సంగతి

చదువుకోడానికి అమెరికా వెళ్లిన మన పిల్లలు కొనే తొలి కార్లలో నిస్సాన్ ఆల్టిమా, సెంట్రాలు చాలా ఉంటాయి. కామ్రీ, ఎకార్డ్‌ల కంటే చవకగా వస్తాయి. ఆ చవకకు ఒక కారణం సీవీటీ పేరు చెడిపోవడం. 2003 నుంచి 2010 దాకా వచ్చిన మోడళ్ల సీవీటీలకు నిస్సాన్ వారంటీని 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పెంచింది. తర్వాత 2013-16 ఆల్టిమాలకు 60 నెలలు లేదా 60,000 మైళ్ల వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్లకు పొడిగించింది.

పొడిగింపును రెండు రకాలుగా చదవొచ్చు. సమస్య మామూలు స్థాయి దాటిందని కంపెనీయే ఒప్పుకున్నట్టు ఒక లెక్క. కంపెనీ తన ఖర్చుతో బాగుచేసింది కాబట్టి ఆ బండికి ఇప్పటికే కొత్త గేర్‌బాక్స్ పడి ఉండొచ్చు, అది మంచిదే అని ఇంకో లెక్క. రెండూ సరైనవే. సర్వీస్ కాగితాలు చూస్తేనే ఏది వర్తిస్తుందో తెలుస్తుంది. నిస్సాన్ సీవీటీ వణుకుకు రెండు కోడ్లు ప్రసిద్ధం. పీ17ఎఫ్1 వస్తే బెల్టును లోపల కెమెరాతో చూసి, బాగుంటే ఆయిల్ ఒత్తిడిని నడిపించే వాల్వ్ బాడీ మార్పుతో సరిపెట్టే అవకాశం ఉంటుంది. పీ17ఎఫ్0 వస్తే సీవీటీ మొత్తం మార్చడమే. ఒక్క అంకె తేడాతో బిల్లు ఎక్కడికో పోతుంది.

2014 మోడల్ ఆల్టిమాకు ఇప్పుడు ఆ 84 నెలలూ ఎప్పుడో అయిపోయాయి. ఈ బళ్ల గురించి పాత ఫిర్యాదుల్లో "ఉచితంగా మార్చి ఇచ్చారు" అనే ముగింపు కనిపిస్తుంది. ఇవాళ కొనేవారికి ఆ ముగింపు లేదు.

గేర్‌బాక్స్ మీద పడే నిందలు: యాక్సిల్, మౌంటింగ్, బేరింగ్

ఇంజన్ నుంచి చక్రం దాకా ఉన్న దారిలో గేర్‌బాక్స్ ఒక మజిలీ మాత్రమే. దాని తర్వాత యాక్సిల్‌లు, వాటి చివర్ల జాయింట్లు, హబ్ బేరింగులు ఉంటాయి. మొత్తాన్ని పట్టుకునే మౌంటింగులు ఉంటాయి. వీటిలో ఏది చెడినా ఓనరు రాసేది "గేర్‌బాక్స్ సౌండ్" అనే.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ కొడుతుంటే టకటకమంటే అది బయటి యాక్సిల్ జాయింట్. దాదాపు ఎప్పుడూ దాని రబ్బరు బూట్ ముందే చిరిగి ఉంటుంది. చక్రం వెనక గ్రీజు చిమ్మిన నల్లటి గీత కనిపిస్తుంది. డీ నుంచి ఆర్‌కు మార్చగానే 'దడ్' మని కొడితే మౌంటింగ్ రబ్బరు నలిగిపోయి ఉండొచ్చు. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే శబ్దం, ఎడమకు తిప్పితే పెరిగి కుడికి తిప్పితే తగ్గుతుంటే, హబ్ బేరింగ్ మీద అనుమానం. మాన్యువల్ డీజిల్ సెడాన్‌లో ఐడిల్‌లో గలగలమంటూ, క్లచ్ నొక్కగానే శబ్దం మారితే ఇంజన్ అదురును మింగే రెండు ముక్కల చక్రం, అంటే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ వైపు చూస్తారు.

అనుభవమున్న మెకానిక్ టెస్ట్ డ్రైవ్‌లో వినేది శబ్దాన్ని మాత్రమే కాదు, అది దేనితో పాటు మారుతోంది అనేదాన్ని. బండి నిలబడి ఉండగా యాక్సిలరేటర్ ఇస్తే పెరిగేది ఇంజన్ వైపుది. బండి వేగంతోనే పెరిగి, ఇంజన్ చుట్లు తగ్గినా తగ్గనిది చక్రాల వైపుది. మధ్యలో మిగిలిందే గేర్‌బాక్స్ ఖాతా. గేర్‌బాక్స్ మార్చాలన్న ఎస్టిమేటు వచ్చిన బండి మౌంటింగుతో బాగుపడిన సందర్భాలు ఏ ఊరి షెడ్డులో అడిగినా చెబుతారు.

ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని బళ్లు

ఒక ఊహాజనిత ఉదాహరణ. 'అ' అనే సెడాన్ లక్ష అమ్ముడైంది, 400 మంది గేర్‌బాక్స్ గురించి ఫిర్యాదు చేశారు. 'ఆ' అనే సెడాన్ 8,000 అమ్ముడైంది, 120 మంది ఫిర్యాదు చేశారు. వెతికితే 'అ' మీద మూడు రెట్లకు పైగా ఫిర్యాదులు కనిపిస్తాయి. నిష్పత్తి లెక్కిస్తే 'అ' 0.4 శాతం, 'ఆ' 1.5 శాతం. చెడ్డపేరు మాత్రం మొదటిదానికి వస్తుంది.

ఇందులోనూ మెలికలున్నాయి. నిశ్శబ్దంగా నడిచే గేర్‌బాక్స్ గురించి ఎవరూ రాయరు, కాబట్టి ఫిర్యాదుల జాబితా ఎప్పుడూ అసలు పరిస్థితి కంటే నల్లగా ఉంటుంది. రెండోవైపు, చాలామంది ఫిర్యాదు చేయకుండానే బండి అమ్మేసి ఊరుకుంటారు, ఆ లెక్క ఎక్కడా ఎక్కదు. ఈ రెండో గుంపు అమ్మేసిన బళ్లే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. అందుకే కొత్త బండి ఓనర్ల సగటు అనుభవం, పదేళ్ల బండి కొనేవాడి అనుభవం ఒకటి కావు.

చెరిపేసిన కోడ్లు

స్కానర్ పెడితే కోడ్లేమీ లేవు అనడం బండికి క్లీన్ చిట్ అనిపిస్తుంది. కోడ్లు చెరపడం ఒక నిమిషం పని. అయితే చెరిపినప్పుడు ఇంజన్ కంప్యూటరులో ఇంకో రెండు సంగతులు కూడా మొదటికొస్తాయి. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. బండి తనను తాను పరీక్షించుకునే మానిటర్లు "ఇంకా పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. మామూలు ఓబీడీ స్కానర్లు చాలావాటిలో ఇవి కనిపిస్తాయి. అరవై వేలు తిరిగిన బండిలో ఆ లెక్క 14 కిలోమీటర్లని ఉంటే నిన్నో ఇవాళో ఎవరో చెరిపారని అర్థం. బ్యాటరీ మార్చినా కొన్ని బళ్లలో ఇలా కావచ్చు కాబట్టి అదొక్కటే నేరానికి సాక్ష్యం కాదు. బ్యాటరీ మీది తేదీ చూస్తే ఆ సాకు నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది.

చట్టం ఎంతవరకు వస్తుంది

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మన దేశంలో తప్పనిసరి రీకాల్‌కు దారి ఏర్పడింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అమ్మకాల సంఖ్యను బట్టి నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు అందితే ప్రభుత్వం విచారణకు వెళ్లొచ్చు. కానీ ఇది ఏడేళ్ల లోపు బళ్లకే. మనం మాట్లాడుకుంటున్న 2015 వెంటో ఆ గీత దాటిపోయింది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా అంటే, ఎవరి దగ్గర కొన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారంగా అమ్మే డీలర్ మీద వెళ్లొచ్చు. తన సొంత బండి ఒకసారి అమ్ముకున్న వ్యక్తి వ్యాపారి కాదు కాబట్టి అక్కడ ఆ దారి సాధారణంగా మూసుకున్నట్టే. కొత్త బండి విషయంలోనే, వారంటీ అంటే లోపమున్న భాగాన్ని మార్చడమే తప్ప బండినే మార్చి ఇవ్వడం కాదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ డీలర్లకు రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర ఆథరైజేషన్ తీసుకునే పద్ధతి వచ్చింది. అది ఓనర్‌షిప్ కాగితాలకు, బాధ్యతకు సంబంధించినది. బండి గేర్‌బాక్స్ ఎలా ఉందో దానిలో ఎక్కడా రాయరు.

తగ్గిన ధరను లెక్కగా చూస్తే

కాబట్టి చివరికి ఇదంతా ధర దగ్గరికే వస్తుంది. ఇక్కడి అంకెలన్నీ ఊహించినవే. పేరు చెడ్డ గేర్‌బాక్స్ బండి, అదే స్థాయి మరో బండి కంటే 60 వేలు తక్కువకు వస్తోంది. మీ చేతిలో ఉండే నాలుగేళ్లలో అది పెద్ద రిపేరుకు వచ్చే అవకాశం ఐదింట ఒకటి, ఖర్చు 2 లక్షలు అనుకుందాం. సగటున 40 వేల భారం. 60 వేల తగ్గింపు దానికంటే ఎక్కువే, బేరం లాభంగానే కనిపిస్తుంది. కానీ సగటు అనేది వంద బళ్లు కొనే కంపెనీకి పనికొస్తుంది. ఒక్క బండి కొనే మనిషికి 40 వేల రిపేరు రాదు. వస్తే 2 లక్షలు, లేకపోతే సున్నా. అందుకే ఒకే ధరకు ఒక డీలరు కళ్లు మూసుకుని కొంటాడు, ఒక ఉద్యోగి వెనకాడతాడు. ఇద్దరి లెక్కా సరైనదే.

అవకాశం ఐదింట ఒకటి కాక మూడింట ఒకటైతే భారం 66 వేలు దాటి, తగ్గింపును మించిపోతుంది. ఒకే మోడల్, ఒకే ఏడాది బండిని ఐదింట ఒకటి వైపో మూడింట ఒకటి వైపో జరిపేవి క్లచ్ ప్యాక్ ఎప్పుడు మార్చారు, మెకాట్రానిక్ అసలుదా మార్చినదా, బండి ఏ ట్రాఫిక్‌లో తిరిగింది అన్న మూడు వివరాలు. మొదటి రెండూ సర్వీస్ బిల్లుల్లో ఉంటాయి. మూడోదానికి ఆ బండి కిందటి సర్వీసుల తేదీలు, రీడింగులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడాదికి ఐదారు వేలే తిరిగి, చిన్న ఊళ్లో ఉన్నది కాకపోతే, ఆ కొద్ది కిలోమీటర్లూ సిటీ ట్రాఫిక్‌లో తిరిగినవే అయ్యుంటాయి.